కలుపుకోవడమా, పలుపు వేయడమా: 1898 తర్వాత అమెరికాకు ఏది లాభించింది?

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం నాలుగు నెలలు కూడా సాగలేదు. అది ముగిసేసరికి ఇంటి గుమ్మం ముందున్న క్యూబా, పసిఫిక్ అవతలి ఒడ్డునున్న ఫిలిప్పీన్స్ రెండూ అమెరికా చేతికి చిక్కాయి. ఫిలిప్పీన్స్‌ను ఏకంగా కలిపేసుకుంది. క్యూబాకు మాత్రం జెండా ఇచ్చి, మెడలో పలుపు వేసి, కొస తన దగ్గర ఉంచుకుంది. యుద్ధం ఒకటే, అధ్యక్షుడు మెకిన్లీ ఒకడే, పద్ధతులు మాత్రం రెండు.

అసలు దీవుల మీద కన్ను ఎందుకు పడింది? క్యూబాలోని హవానా రేవులో మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలి 260 మందికి పైగా చనిపోవడం, హర్‌స్ట్, పులిట్జర్ పత్రికలు దాన్ని రోజూ ఉడికించడం అందరూ చెప్పే కథే. పత్రికలు లేకపోతే యుద్ధం అంత తొందరగా వచ్చేది కాదేమో. కానీ నౌకలు మనీలా దాకా వెళ్లింది పత్రికల వల్ల కాదు. 1893 మాంద్యంలో దెబ్బతిన్న ఫ్యాక్టరీలకు బయటి మార్కెట్లు కావాలి, అందులోనూ చైనా కావాలి. చైనాకు వెళ్లే ఆవిరి నౌకలకు దారిలో బొగ్గు నింపుకునే చోట్లు కావాలి. సముద్రం చేతిలో ఉన్నవాడిదే పెత్తనమని నౌకాదళ అధికారి మహాన్ 1890 నుంచీ చెబుతూనే ఉన్నాడు. హవాయిని కూడా అదే 1898లో కలుపుకున్నారు.

మరి క్యూబాను ఎందుకు వదిలారు? దాన్ని కలుపుకోబోమని యుద్ధానికి ముందే కాంగ్రెస్ టెల్లర్ సవరణలో మాట ఇచ్చేసింది. అది పూర్తిగా ధర్మబుద్ధి అనుకోనక్కర్లేదు. క్యూబా అమెరికాలో భాగమైతే దాని చక్కెర సుంకం లేకుండా వచ్చి పడుతుందన్నది స్వదేశీ చక్కెర వ్యాపారుల భయం. 1901లో ప్లాట్ సవరణతో దారి దొరికింది. దాని ప్రకారం అమెరికా ఎప్పుడైనా సైన్యంతో జోక్యం చేసుకోవచ్చు, క్యూబా తన స్వాతంత్ర్యానికి ముప్పు తెచ్చే ఒప్పందాలు ఇతర దేశాలతో చేసుకోకూడదు, నౌకా స్థావరాలకు భూమి ఇవ్వాలి. వీటిని క్యూబా తన రాజ్యాంగంలో చేర్చుకుంటేనే అమెరికా సైన్యం అక్కణ్నుంచి వెళ్లిపోతుందన్నారు. 1798లో వెల్లస్లీ సైన్య సహకార ఒప్పందం మీద నిజాం పెట్టిన సంతకం గురించి చదువుకున్న మనకు ఇది కొత్తేమీ కాదు. గద్దె నిజాందే, మాట బ్రిటిష్ రెసిడెంటుది.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది వేరు. అక్కడి తిరుగుబాటు నాయకుడు అగినాల్డో 1898 జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించాడు. అయినా డిసెంబరులో ప్యారిస్‌లో ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లకు బేరం చేసినప్పుడు అక్కడివాళ్లకు కుర్చీ కూడా వేయలేదు. ఆ ఒప్పందం సెనెట్‌లో 57–27తో గట్టెక్కింది. మూడింట రెండొంతులకు కావలసినదానికంటే ఒక్క ఓటు ఎక్కువ. అప్పటికే, 1899 ఫిబ్రవరి 4న, మనీలాలో కాల్పులు మొదలయ్యాయి. మూడేళ్లకు పైగా సాగిన పోరులో దాదాపు 4,200 మంది అమెరికన్ సైనికులు, 20 వేల మంది ఫిలిప్పీన్ యోధులు చనిపోయారు. ఆకలికి, కలరాకు, తూటాలకు బలైన సామాన్యులు 2 లక్షలకు తక్కువ కాదని అంచనా. స్పెయిన్‌తో చేసిన యుద్ధం దీని ముందు ఒక పిల్లాట.

ఇక లెక్క చూద్దాం. క్యూబాలోకి 1906లో, 1912లో, 1917లో సైన్యం వెళ్లింది. తోటలు, మిల్లులు మెల్లగా అమెరికన్ కంపెనీల చేతుల్లోకి వచ్చాయి. రోజువారీ పాలన టెన్షన్ వాషింగ్టన్‌కు లేదు. ఫిలిప్పీన్స్‌లో అలా కాదు, బడి దగ్గర్నుంచి కోట దాకా అన్నీ తనవే. జపాన్ బలపడుతుంటే 1907లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టే అది తమ బలహీన స్థానమని ఉత్తరంలో రాశాడు. 1934లో స్వాతంత్ర్యానికి గడువు పెట్టిన చట్టం వెనక ఉన్నదీ ఉదారత ఒక్కటే కాదు. ఫిలిప్పీన్ చక్కెర, కూలీలు తమకు పోటీ అని అమెరికా రైతులు, కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. అదే చట్టం ఫిలిప్పీన్ల వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. నన్నడిగితే అమెరికాకు క్యూబా పద్ధతే లాభసాటి. నికరాగువా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్‌లలోకి సైన్యాన్ని పంపి కూడా వాటిని కలుపుకోకపోవడమే దానికి సాక్ష్యం.

అక్కడి జనానికి ఏది మేలంటే జవాబు అంత సూటిగా రాదు. ప్రాణనష్టం చూస్తే క్యూబా ఎన్నో రెట్లు నయం. కానీ కలిపేసుకున్న ఫిలిప్పీన్స్ 1946లో విడుదలైంది. 1991లో దాని సెనెట్ 12–11 ఓట్లతో సుబిక్ నౌకా స్థావరం ఒప్పందాన్ని తోసిపుచ్చింది, మరుసటి ఏడాది అమెరికన్లు ఖాళీ చేశారు. 2014 ఒప్పందంతో మళ్లీ వచ్చినా, మనీలా పిలిస్తేనే వచ్చారు. 1903లో క్యూబా దగ్గర లీజుకు తీసుకున్న గ్వాంటనామో మాత్రం ఇప్పటికీ అమెరికా చేతిలోనే ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప, లేదా అమెరికా తనంతట తాను వదిలిపోతే తప్ప, ఆ లీజు ముగియదు. ఏటా అద్దె చెక్కు వస్తుంది, క్యూబా దాన్ని మార్చుకోదు.