ఆరేళ్లుగా నడుపుతున్న మా ఆఫీసు నెట్‌వర్క్, సర్వర్లు: వాడకంలో తేలిన సంగతులు

2019లో మా ఆఫీసుకు గోడల్లో కేబుల్ దగ్గర్నుంచి సర్వర్ల వరకు అన్నీ కొత్తగా వేయించాం. నలభై మంది పనిచేసే చోటు. ఆ రోజు నుంచి దాన్ని చూసుకుంటున్నది నేనే. కొన్న వారంలోనే సమీక్ష రాస్తే సర్వర్ ఎంత వేగంగా ఉందో రాయగలం. మూడో ఏడాది కరెంటు పోయిన క్షణంలో అది ఏం చేస్తుందో రాయలేం. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

ఈ ఆరేళ్లలో సర్వర్ చెడిపోయి పని ఆగిన రోజు ఒక్కటి కూడా లేదు. అయినా పని ఆగిన రోజులున్నాయి. ఆ రోజుల్లో తప్పు గోడలోని కేబుల్‌దో, యూపీఎస్ బ్యాటరీదో, నేను సరిచూడకుండా వదిలేసిన సెట్టింగ్‌దో అని తేలింది. కొనేటప్పుడు మేం గంటలు గంటలు మాట్లాడుకున్నది ప్రాసెసర్, ర్యామ్ గురించి. తర్వాత నా నిద్ర పాడుచేసినవి ఆ మాటల్లో ఎక్కడా రాని వస్తువులు.

ముందు మా దగ్గర ఏమున్నాయో చెబుతాను. రెండు సర్వర్లు, రెండింటిలోనూ ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్. ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడిపేది అదే, ఆ ఒక్కోదాన్నీ వర్చువల్ మెషీన్ అంటారు. ఒకదాని మీద ఫైల్ సర్వర్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ వేర్వేరు వర్చువల్ మెషీన్లుగా నడుస్తాయి. రెండోది బ్యాకప్‌లకు, అవసరమైతే మొదటిదాని స్థానంలో నిలబడడానికి. బయటి నుంచి వచ్చేదాన్ని వడకట్టే ఫైర్‌వాల్‌గా చిన్న పెట్టెలో ఓపీఎన్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్. సిస్టమ్‌లన్నిటినీ కలిపే, సెట్టింగులు మార్చుకోగల 48 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి, సీలింగుకు నాలుగు వైఫై యాక్సెస్ పాయింట్లు, కింద యూపీఎస్. అంతే.

కేబుల్ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి దెబ్బ అక్కడే తగిలింది. పని పూర్తయిన నెలకే చివరి గదిలోని యాక్సెస్ పాయింట్ రోజూ ఉదయం, అందరూ వచ్చి కనెక్టయ్యే వేళకు, దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. అదే వరుసలోని రెండు సిస్టమ్‌లు 1 గిగాబిట్ బదులు 100 మెగాబిట్ దగ్గరే ఆగిపోయేవి. యాక్సెస్ పాయింట్ మార్చాం, స్విచ్ పోర్టు మార్చాం, చివర్లో తగిలించే చిన్న కేబుల్, అంటే ప్యాచ్ కార్డ్ మార్చాం. ఏం మారలేదు. చివరికి గోడ సాకెట్ విప్పి ఒక తీగ కొసను బ్లేడుతో మెల్లగా గీకాను. పైన రాగి రంగు, గీకిన చోట తెల్లగా మెరుపు. లోపల అల్యూమినియం! వేసినవాళ్లు డబ్బా మీద క్యాట్ 6 (గిగాబిట్ వేగానికి సరిపోయే కేబుల్ రకం) అని ఉందనే చూపించారు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగకు నిరోధం ఎక్కువ. కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ పరికరాలకు దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పైగా అది పెళుసు, సాకెట్లో నొక్కిన చోట సన్నగా విరుగుతుంది. 100 మెగాబిట్‌కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఆ మిగతా నాలుగింటిలో ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా లింక్ 100కు దిగిపోతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ వరుస మొత్తం పీకించి అసలైన రాగి కేబుల్ వేయించాం. ఇప్పుడు కొత్త పాయింటు వేసిన ప్రతిసారీ డబ్బాలోంచి ఒక ముక్క కోసి గీకి చూస్తాను. పొడవు కూడా కొలిపిస్తాను. గోడలో 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 10, మొత్తం 100 దాటకూడదు. గోడల్లోని కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్లో ప్రతి పోర్టుకూ ఒక నంబరు, గోడ సాకెట్ మీదా అదే నంబరు. ఆ స్టిక్కర్లు అంటించడానికి ఒక శనివారం మొత్తం పట్టింది. ఆ తర్వాత అది ఆదా చేసిన సమయానికి లెక్కే లేదు.

స్విచ్ మేనేజ్డ్‌ది తీసుకోవడం మంచి నిర్ణయం. కానీ కొని, పెట్టెలోంచి తీసి, అలాగే తగిలిస్తే అది మామూలు స్విచ్‌కంటే పెద్దగా తేడా చూపదు. ఇది నాకు ఒక సోమవారం ఉదయం అర్థమైంది. మీటింగ్ గది శుభ్రం చేస్తున్నవాళ్లు నేల మీద వేలాడుతున్న కేబుల్ కొసను చూసి, పాపం సర్దిపెడదామని పక్కనున్న రెండో సాకెట్లో పెట్టేశారు. కేబుల్ రెండు చివర్లూ గోడలోనే. పది నిమిషాల్లో అన్ని గదుల నుంచీ ఒకటే మాట: "సార్, నెట్ లేదు." స్విచ్, సర్వర్లు ఉండే బీరువా, అదే ర్యాక్, తలుపు తీస్తే స్విచ్‌లోని లైట్లన్నీ ఒకే తాళంలో గబగబా కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కో లైటు దాని తీరున అది మెరుస్తుంది. అన్నీ కలిసి ఒకేలా మెరిస్తే లూప్ పడిందని, అంటే డేటా బయటపడే దారి లేక అక్కడక్కడే తిరుగుతోందని గుర్తు పెట్టుకోండి. లూప్‌ను కనిపెట్టి ఒక వైపు మూసేసే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఆ స్విచ్‌లో ఉంది, నేను ఆన్ చేయలేదు. ఒక్క టిక్కు. దానికి నలభై మంది రెండు గంటలు కూర్చున్నారు. సర్దిపెట్టిన మనిషిది ఇందులో తప్పేమీ లేదు. తీగ సాకెట్లో పెట్టినంత మాత్రాన ఆఫీసు ఆగిపోకుండా చూడాల్సింది నేను.

ఆ వారమే వీల్యాన్లు, అంటే ఒకే స్విచ్ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లు, కూడా విడగొట్టాను. ఆఫీసు సిస్టమ్‌లు ఒకటి, ప్రింటర్లు ఒకటి, సర్వర్లు ఒకటి, బయటివాళ్ల ఫోన్ల వైఫై పూర్తిగా వేరే. డీహెచ్‌సీపీ స్నూపింగ్ కూడా పెట్టాను. ఎవరైనా ఇంటి నుంచి రౌటర్ తెచ్చి తగిలిస్తే అది తప్పుడు అడ్రసులు పంచకుండా ఆపుతుంది. చిన్న ఆఫీసుకు ఇవన్నీ ఎందుకన్నారు కొందరు. చిన్న ఆఫీసులోనే అన్నీ ఒకే తాడుకు వేలాడుతుంటాయి, అందుకే ఇవి ఎక్కువ అవసరం.

మరో తప్పు మొదటి రోజే చేశాను, బయటపడింది మాత్రం 2020లో. ఆఫీసు నెట్‌వర్క్‌కు 192.168.1 తో మొదలయ్యే అడ్రసులే పెట్టాను, ఎందుకంటే రౌటర్లో ముందే అలా ఉంది. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టేసరికి చాలామంది ఇళ్లలోని రౌటర్లదీ అదే వరుస. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే వీపీఎన్ కనెక్టయినట్టే చూపిస్తుంది, ఫైల్ సర్వర్ మాత్రం దొరకదు. సిస్టమ్ దాన్ని ఆ ఇంట్లోనే వెతుకుతుంది మరి. అడ్రసులన్నీ 10 తో మొదలయ్యే, ఇళ్లలో మామూలుగా తగలని ఒక వరుసకు మార్చడానికి రెండు రాత్రులు పట్టింది. సర్వర్లు సులువే. చేత్తో అడ్రసు పెట్టిన ప్రింటర్లు ఒక్కొక్కటీ వెతుక్కోవడమే కష్టమైంది. వీపీఎన్ కూడా అప్పుడే వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్‌కు మార్చాం. అది ఆ ఏడాదే లైనక్స్ కెర్నల్‌ 5.6లో చేరింది. అప్పట్నుంచి వీపీఎన్ గురించి నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

సర్వర్ల విషయంలో నేను నిజంగా సంతృప్తిగా ఉన్నాను. ప్రాక్స్‌మాక్స్ డెబియన్ అనే లైనక్స్ మీద కట్టింది, వర్చువల్ మెషీన్లను లైనక్స్‌లోని కేవీఎం అనే భాగం నడుపుతుంది. వెర్షన్ 6తో మొదలుపెట్టాం, 7కు, ఆపైన 8కి వెళ్లాం. పెద్ద వెర్షన్ మార్చే ముందు నడపమని వాళ్లే ఒక చెకింగ్ స్క్రిప్టు ఇస్తారు. అది చూపించే ఎరుపు, పసుపు వరుసలన్నీ సరిచేసుకున్నాకే ముందుకెళ్లాను, రెండుసార్లూ ఇబ్బంది పడలేదు. ర్యామ్ ఈసీసీది, అంటే తనలోని చిన్న తప్పులు తనే దిద్దుకునేది, తీసుకున్నాం, అది మళ్లీ చేసినా అలాగే తీసుకుంటాను. ప్రాసెసర్ మాత్రం అవసరానికి మించి కొన్నాం. రోజులో ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది. ఆ తేడాతో యూపీఎస్ ఇంకాస్త పెద్దది తీసుకోవాల్సింది.

డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో జంటలుగా మిర్రర్ చేశాం, అంటే జంటలోని రెండింటిలోనూ ఒకే డేటా. మూడో ఏడాది ఒక డిస్కు చెడింది. తెల్లవారుజామున మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం పాతది లాగి కొత్తది పెట్టాను, సాయంత్రానికి కాపీ పూర్తయింది. ఆఫీసులో ఒక్కరికీ తెలియలేదు. అదే మిర్రర్‌ మీద నమ్మకంతో ఇంకొకరు బ్యాకప్ ఎందుకని అడిగినప్పుడు నేను చెప్పేది ఒకటే. అకౌంట్స్‌లో మేడమ్ పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేసినప్పుడు రెండు డిస్కుల్లోనూ అది ఒకే క్షణంలో పోయింది. మిర్రర్ పని అదే కదా, ఒకదాంట్లో జరిగింది రెండోదాంట్లోనూ చేయడం. ఆ రోజు కాపాడింది గంటకోసారి తీసే స్నాప్‌షాట్, అంటే ఫైళ్లు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో దాచిపెట్టేది. ఆవిడ టెన్షన్‌తో నా గదికి వచ్చి, నేను ఫోల్డర్ తిరిగి పెట్టేదాకా నిలబడే ఉన్నారు, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇక బ్యాకప్. నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. రోజూ రాత్రి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి బ్యాకప్ వెళ్లేది, ఉదయం మెయిల్ వచ్చేది, అన్నీ ఆకుపచ్చ. ఒక ఆదివారం ఖాళీగా ఉండి, అకౌంట్స్ మెషీన్‌ను రెండో సర్వర్ మీద రీస్టోర్ చేసి చూద్దామనుకున్నాను. మెషీన్ లేచింది. లాగిన్ అయింది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే డేటా లేదు. డేటా ఉండే డిస్కే లేదు. నాలుగు నెలల కింద ఆ డిస్కును పెద్దదానికి మార్చేటప్పుడు, ఆ రాత్రి బ్యాకప్ అడ్డుపడకుండా దాని బ్యాకప్ టిక్కు తీసేశాను. మళ్లీ పెట్టడం మర్చిపోయాను. బ్యాకప్ తనకు చెప్పిన పని తప్పులేకుండా చేసింది, డిస్కు వదిలేయమంటే వదిలేసింది. నాలుగు నెలల పాటు అకౌంట్స్ డేటా ఒక్క సర్వర్‌లో మాత్రమే ఉంది. నేను రోజూ ఆకుపచ్చ మెయిల్ చూసుకుని ధైర్యంగా ఉన్నాను. ఆ రోజు నా చేతులు చల్లబడ్డాయి. ఇప్పటికీ ఆ ఖాళీ తెర గుర్తుకొస్తుంది.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక మెషీన్ రీస్టోర్ చేస్తాం. లేచిందా అని చూసి వదిలేయం. లోపలికి వెళ్లి నిన్నటి ఎంట్రీ ఒకటి తెరుస్తాం, అది కనిపిస్తేనే నోట్‌బుక్‌లో టిక్కు. బ్యాకప్ డిస్కు ఒకటి వారానికోసారి మార్చి ఆఫీసు బయట పెడతాం. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి బయట అనే పాత నియమం ప్రకారం. బయట ఉన్నది ఏ కేబుల్‌కూ తగిలి ఉండదు కాబట్టి ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ పడినా అది అక్కడిదాకా వెళ్లదు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక నెట్‌వర్క్‌లోని సిస్టమ్ నుంచి సిస్టమ్‌కు ఎలా పాకిందో చూసినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

యూపీఎస్ గురించి కాస్త. మూడో ఏడాది ఒకరోజు కరెంటు పోయింది. డిస్‌ప్లేలో ఛార్జ్ 100 శాతం. రెండు సెకన్లలో సర్వర్లు రెండూ ఆరిపోయాయి. తెరిచి చూస్తే బ్యాటరీల పక్కలు ఉబ్బి, బయటికి లాగడానికే రాలేదు. యూపీఎస్‌లలో వాడే సీల్డ్ లెడ్ బ్యాటరీలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు. మా సర్వర్ గది వేడిగా ఉండేది, వేడికి ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. శాతం అంకె లోడు మోసే శక్తిని చెప్పదు, లోడు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్ష, బ్యాటరీ మీద పెట్టిన తేదీ మార్కర్‌తో పెద్దగా.

బ్యాటరీలు మార్చాక కూడా ఒక చిక్కు మిగిలింది. బ్యాటరీ అయిపోవస్తుంటే సర్వర్లు వాటంతట అవే షట్‌డౌన్ అయ్యేలా నట్ అనే ప్రోగ్రామ్ పెట్టాను. యూపీఎస్ కేబుల్ మొదటి సర్వర్‌కు, రెండోదానికి కబురు నెట్‌వర్క్ మీద. పరీక్షిస్తే మొదటిది పద్ధతిగా దిగింది, రెండోది దిగలేదు. మధ్యలో ఉన్న స్విచ్ మామూలు ప్లగ్గులో ఉంది! కరెంటుతో పాటే అదీ పోయింది, కబురు అందలేదు. స్విచ్, ఫైర్‌వాల్ రెండూ యూపీఎస్‌కు మార్చాం.

మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే ఇదే ప్రాక్స్‌మాక్స్, ఇదే జంట సర్వర్ల పద్ధతి కళ్లు మూసుకుని తీసుకుంటాను. రెండో ఇంటర్నెట్ లైను మొదటి రోజే తీసుకుంటాను, మేం రెండేళ్లు ఆలస్యం చేశాం. వైఫైని ఎక్కువ పవర్‌లో పెట్టను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానెళ్లకే సర్దుకుని పవర్ తగ్గించాకే మా దగ్గర కాల్స్ తెగిపోవడం ఆగింది. ర్యాక్ సర్వర్ మోత మాత్రం మనుషులు కూర్చునే గదిలో భరించలేం. దానికి తలుపు, గాలి ఆడే ఏర్పాటు ఉన్న గది లేకపోతే టవర్ మోడల్ తీసుకోండి.

నాకు ఎక్కువ కాలం బెంగగా ఉన్నది ఇంకొకటి. పాస్‌వర్డ్లు, అడ్రసులు, ఏ పోర్టు ఎక్కడికి వెళ్తుందో, అన్నీ నా తలలోనే ఉండేవి. గత ఏడాది కూర్చుని మొత్తం రాశాను. పాస్‌వర్డ్లు పాస్‌వర్డ్ మేనేజర్‌లో, మిగతాది ర్యాక్ తలుపు లోపలి జేబులో ఒక లావుపాటి నోట్‌బుక్‌లో. మా జూనియర్ అబ్బాయితో అది చూసుకుంటూ రెండుసార్లు రీస్టోర్ చేయించాను. మొదటిసారి ఒక మెట్టు రాయడం మర్చిపోయానని వాడే పట్టుకున్నాడు: "అన్నా, ఇక్కడ నెట్‌వర్క్ కార్డు తీసేయమని రాయలేదు, పాతదీ కొత్తదీ ఒకే అడ్రసుతో లేస్తాయి." నిజమే. ఆ వరుస వాడి చేతిరాతలోనే ఉంది.

పోయిన నెల నేను పది రోజులు సెలవులో ఉన్నాను. తిరిగొచ్చి నోట్‌బుక్ తెరిస్తే కొత్తగా ఒక వరుస: అప్‌డేట్ తర్వాత ఫైల్ సర్వర్ లేవలేదు, ముందురోజు రాత్రి బ్యాకప్ నుంచి పెట్టాను, ఉదయం 9:40కి అందరికీ ఫైళ్లు తెరుచుకున్నాయి. కింద వాడి సంతకం. నా ఫోన్‌కు ఒక్క కాల్ రాలేదు.