చేంబర్సా, కార్టరా? జాజ్ బేస్ ఎవరితో మొదలుపెట్టాలి

జాజ్ వింటున్నాం గానీ డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం, అడుగు స్వరాలు పలికేది) చెవికి చిక్కడం లేదు, ఎవరితో మొదలుపెట్టమంటారు అని చాలామంది అడుగుతున్నారు. చివరికి అందరూ తేల్చుకోలేక ఆగేది రెండు పేర్ల దగ్గరే: పాల్ చేంబర్స్, రాన్ కార్టర్. ఇద్దరూ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో బేస్ వాయించినవాళ్లే. చేంబర్స్ 1955లో చేరారు, కార్టర్ 1963లో.

చదువు, అనుభవం చూస్తే కార్టర్‌దే పైచేయి. పదేళ్ల వయసులో చెల్లో పట్టారు, ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో డిగ్రీ, మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో పీజీ చేశారు. 2,221 రికార్డింగులతో 2015లో గిన్నిస్‌కెక్కారు. చేంబర్స్ 33 ఏళ్లకే, 1969లో, క్షయతో పోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయినా కొత్తగా వినేవాళ్లకు నేను చూసేది ఒక్కటే. బేస్ వేలు పట్టుకుని చివరిదాకా నడవగలమా? చేంబర్స్‌తో నడవగలం. డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లోని ‘సో వాట్’లో మొదటి అర నిమిషం పోనివ్వండి, ఆ తర్వాత అసలు వరస ఎత్తుకునేది బేసే. మిగతా వాద్యాలు దానికి బదులు పలుకుతాయి. అదే ఆల్బమ్‌లోని ‘ఆల్ బ్లూస్’లో ఒకే చిన్న వరసను తిప్పి తిప్పి వాయిస్తూ, ఎవరు సోలో అందుకున్నా కింద నేల కదలనివ్వరు. దాన్ని రికార్డు చేసింది 1959 ఏప్రిల్ 22న, ఆయనకు సరిగ్గా 24 నిండిన రోజు! ఆ వయసుకి అంత నిబ్బరం ఎక్కడిదో. కమానుతో ఆయన పలికించే సోలోలు కూడా కావాలంటే 1957 నాటి ‘బేస్ ఆన్ టాప్’లో ‘యస్టర్‌డేస్’ వినండి.

కార్టర్ దారి వేరు. 1966లో డేవిస్ బృందం రికార్డు చేసిన ‘ఫుట్‌ప్రింట్స్’లో టోనీ విలియమ్స్ డ్రమ్స్‌తో కలిసి తాళాన్నే మార్చేస్తుంటారు. మనం పట్టుకున్న వరస ఉన్నట్టుండి చేజారుతుంది. కచేరీల్లో లెక్కలు వేస్తూ వినే అలవాటున్నవాళ్లు మాత్రం నేరుగా కార్టర్ దగ్గరికే వెళ్లొచ్చు, వాళ్లకి అదే పండగ.

మరో బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్‌ని స్వరకర్తగా విడిగా వినాలి. ఇంకో బేస్ వాద్యకారుడు చార్లీ హేడెన్‌ని ఆ తర్వాత వినొచ్చు.

ఎవరిని విన్నా ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. బేస్ అడుగు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఆ చిన్న స్పీకరుకి అది అందదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.