ఎల్లాపురలో రెండు రోజులు, ఒక కవండి మూల

అమ్మవి పాత నేత చీరలు ఆరు, నాన్న లుంగీలు రెండు, మోకాళ్ల దగ్గర పోయిన నా చుడీదార్లు. "చిరుగు గుడ్డలు మోసుకుని అంత దూరం దేనికే?" అంది అమ్మ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది ఆడవాళ్లు కుట్టే కవండి నేర్చుకోవాలని నా కోరిక. సిద్దిలు ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల సంతతి. కవండి అంటే మన అతుకుల బొంతే, కాకపోతే కుట్టే తీరు వేరు.

విజయవాడ నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హుబ్బళ్లి దిగాను. అక్కడి ప్లాట్‌ఫాం పొడవు 1,507 మీటర్లట, గిన్నిస్ రికార్డు. నా బోగీ ఆ చివరాఖరున ఆగింది. గుడ్డల సంచీతో ఈ కొసకి నడిచొచ్చేసరికి ఆ రికార్డు మీద గౌరవం పోయింది.

మొదటి రాత్రి దండేలి వైపు ఒక రిసార్టులో దిగడం నా పొరపాటు. గది శుభ్రం, భోజనం బాగుంది. ప్యాకేజీలో "కవండి అనుభవం" అని ఉంటే ఆశపడ్డాను. తీరా చూస్తే ఒకే కొలతలో కత్తిరించిన కొత్త గుడ్డముక్కలు, ఒక జిగురు సీసా, నలభై నిమిషాలు. సూది ఏదని అడిగితే ఆ కుర్రాడు రిసెప్షన్‌కి ఫోన్ చేశాడు. అడవి చూడ్డానికే వచ్చేవాళ్లకైతే చెడ్డ చోటు కాదు.

మర్నాడు ఎల్లాపుర దగ్గర పోకతోటలో ఉన్న హోమ్‌స్టేకి మారాను. బాత్‌రూమ్ బయట. కరెంటు సాయంత్రం రెండు గంటలు లేదు. సిగ్నల్ కావాలంటే గేటు దాకా నడవాలి. అయినా మార్కులు దీనికే. పొద్దున్నే హండాలో కాగిన నీళ్లు, కాగితమంత పల్చటి దోసెలు, అన్నిటికీ మించి ఆ ఇంటాయన తనే సిద్దిల ఊళ్లో ఒకావిడతో మాట్లాడి పెట్టాడు. ఆటో అతను రెండు రోజులూ టైముకి వచ్చాడు.

ఆవిడ అరుగు మీద నా సంచీ కుమ్మరించి, ముందుగా పాలియెస్టర్ దుపట్టాలన్నీ పక్కకి నెట్టేసింది. చెమట పీల్చవు, సూది దిగదు. అమ్మ చీర ఒకటి అడుగున పరిచింది. కొలత టేపు లేదు, కత్తెర కూడా తక్కువే, చేత్తో పర్రున చింపడమే. మనం బొంతకి చీరలు పొరలుగా వేసి ఈ అంచు నుంచి ఆ అంచుకి వరసలు కుడతాం. కవండి ఒక మూల దగ్గర మొదలవుతుంది. ముక్క అంచు లోపలికి మడిచి, దారాన్ని అంచుల వెంబడి చుట్టూ నడిపిస్తూ, వరస వరసకీ లోపలికి జరుగుతూ మధ్యకి చేరాలి. కుట్టు కుట్టుకీ కింది చీర, పై ముక్క ఒకటైపోతాయి. నేను ఎర్ర ముక్క పక్కన గులాబీ రంగుది పెట్టాను. ఏమీ అనకుండా తీసేసి నాన్న నల్ల లుంగీ ముక్క పెట్టింది. ఎర్రది ఒక్కసారిగా మండింది.

నా కుట్లు పొడుగైపోయాయి. బొటనవేలి గోటితో బియ్యపుగింజంత కొలత చూపించి, నేను గంటసేపు కుట్టిన వరసని ఒక్క లాగులో ఊడదీసింది. కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది. మూలల్లో గుడ్డని మడతల మీద మడతలుగా త్రికోణం చేసి కుట్టే దాన్ని ఫూల అంటారు, పువ్వన్నమాట. అది లేని కవండి బట్టల్లేని మనిషితో సమానం అని పకపకా నవ్వింది. తనది కొంకణి కలిసిన కన్నడ, నాది సినిమా కన్నడ. చేతులుండగా మాటలెందుకులే అనిపించింది.

రెండు రోజులకి ఒక మూల, రెండు వరసలు, అంతే. ఒక్క పూటలో నేర్చేసుకుందామని వెళ్లకండి. నాట్లు పడే వానాకాలంలో వాళ్లు పొలంలో ఉంటారు, పైగా జలగలు. చలికాలం మేలు. నగదు పట్టుకెళ్లండి, ఫోన్ చెల్లింపులు అక్కడ నడవలేదు. పసిపిల్లల కవండి ఒకటి కొన్నాను, అడిగినంతా ఇచ్చాను. గంట కుట్టాక ఎవరికీ బేరమాడే నోరు రాదు. మాగోడు జలపాతం చూడ్డానికి మిగిలింది ఒక్క పూటే, అది కూడా మంచులో సగమే కనిపించింది.

మిగిలిన చీరలు ఆవిడ ఉంచుకుంటానంది. సంచీ తేలికైంది. హుబ్బళ్లిలో బోగీ మాత్రం మళ్లీ ఆ చివరే.