రెండేళ్లుగా పైలోకార్పిన్ వాడుతున్నాను

షోగ్రెన్స్ సిండ్రోమ్ (మన రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు కళ్లలో ఇసుక పడ్డట్టుండటం, నోరు పిడచగట్టుకుపోవడం నేను వివరించక్కర్లేదు. నేను చెప్పేది లాలాజలం ఊరించే ఒక్క మాత్ర గురించే: పైలోకార్పిన్ 5 మిల్లీగ్రాములు.

నేను టీచర్ని. పాఠం చెబుతుంటే నాలుక అంగిటికి అతుక్కుపోయేది. మాట మధ్యలో ఆపి నీళ్ల బాటిల్ ఎత్తేదాన్ని. ఈ జబ్బుకే ఇచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందుతో కీళ్ల నొప్పులు తగ్గాయి గానీ నోరు మాత్రం అలాగే ఉండేది. ఆస్తమా, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) లేవని చూసుకున్నాకే డాక్టరుగారు ఈ మాత్ర రాశారు.

మొదటిరోజు వేసుకున్న అరగంటకి నాలుక కింద ఏదో ఊరినట్టనిపించింది. నమ్మలేదు. అమ్మ డబ్బాలోంచి జంతిక తీసిచ్చింది. అంతకుముందు జంతికంటే టీలో నానబెట్టుకునే తినాలి, లేకపోతే ముక్కలు బుగ్గలకి గుచ్చుకుని అక్కడే ఉండిపోయేవి. ఆరోజు కరకరా నమిలి మింగేశాను. పక్కనే ఉన్న నీళ్లగ్లాసు ముట్టుకోలేదు. ఇంకోటి పెట్టమన్నాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, కన్నీళ్లే రాలేదు.

ఇది వాడి తీరాల్సిందేనని కనబడినవాళ్లందరికీ చెప్పాను. అది డిసెంబరు. ఏప్రిల్ వచ్చాక ఆ మాట కొంచెం తగ్గించుకున్నాను. లాలాజలం ఊరించే ఈ మందే చెమట గ్రంథుల్నీ పనిచేయిస్తుంది. మన విశాఖ ఉక్క ఉండనే ఉంది. ఒంటిపూట బడి అయ్యాక గాజువాకలో బస్సెక్కితే మద్దిలపాలెంలో దిగేసరికి జాకెట్టు పిండుకోవాలి. ఒకరోజు కళ్లు తిరిగి ఓ కొట్టు అరుగు మీద కూలబడిపోయాను. ఇంటికెళ్లి ఫ్యాను కింద కూర్చుంటే కళ్లు భగ్గుమంటాయి. ఏసీలో మరీను. ఒంటికి గాలి కావాలి, కంటికి గాలి పడదు. ఈ చిక్కు గురించి నాకు ముందెవరూ చెప్పలేదు.

డాక్టరుగారితో మాట్లాడి రోజుకి మూడు మాత్రల్ని రెండు చేసుకున్నాను: బడికి వెళ్లేముందు ఒకటి, సాయంత్రం ఒకటి. రాత్రి పొద్దుపోయి వేసుకుంటే మూత్రానికి పదేపదే లేవాల్సొచ్చేది. ఒక్కో మాత్ర ప్రభావం నాకు మూడు నాలుగు గంటలుంటుంది. కళ్లకి దీనివల్ల పెద్దగా తేడా కనిపించలేదు, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు వేసుకుంటూనే ఉన్నాను. పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ పేస్టూ మానలేదు.

గ్రంథుల్లో కొంతైనా పనిచేసే భాగం మిగిలుంటేనే ఈ మందుకి పని. నాకు జబ్బు తొందరగా బయటపడింది. ఏళ్లతరబడి ముదిరినవాళ్లకి ఇంత ఫలితం రాకపోవచ్చు. ఎండలో తిరిగే ఉద్యోగమైతే నేనూ ఆలోచించేదాన్నే. వేసవి సెలవుల్లో పొద్దుటి మాత్ర మానడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. బడి తెరిచాక మళ్లీ వేసుకుంటాను, పాఠం ఆగకుండా చెప్పాలి కదా.