చెరువు ఒడ్డున రాతి గోడ కట్టిస్తున్నారా? ‘పర్మిషన్లన్నీ మావే’ అనే కాంట్రాక్టర్లతో జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చెరువు పక్కన తోటో, ఫామ్ ప్లాటో కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు దీన్ని ఒకసారి పూర్తిగా చదవండి. ఒడ్డు కోతకు గురవుతోందంటే చాలు, ‘రాతి గోడ కట్టిస్తాం, పర్యావరణ అనుమతితో సహా అన్నీ మేమే చూసుకుంటాం’ అని ప్యాకేజీ అమ్మేవాళ్లు తయారయ్యారు. అలాంటి ఒక సంస్థకే మా తోట పని ఇచ్చాం. గోడ లేచింది. ఆ వెనకే తహశీల్దారు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అప్పటిదాకా రోజూ గుడ్ మార్నింగ్ పెట్టిన మనిషి ఫోన్ స్విచాఫ్. వ్యవహారం వినియోగదారుల కమిషన్‌లో ఉంది కాబట్టి పేరు రాయను. ఎలా మోసం చేశారో మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే బోర్డు మార్చి ఇంకో మండలంలో మొదలుపెట్టినా పద్ధతి ఇదే ఉంటుంది.

మాది విజయనగరం జిల్లాలో ఒక పెద్ద సాగునీటి చెరువును ఆనుకుని ఉన్న మామిడి తోట. పట్టా, పాస్‌బుక్, 1బీ అన్నీ సక్రమంగా ఉన్నాయి. అక్టోబరు తుపాన్లకు చెరువు నిండితే గాలికి అలలు లేచి ఒడ్డును కొడతాయి. నీళ్లు తగ్గాక నానిన మట్టి పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది. చెరువు వైపు రెండు చెట్లు వేళ్లు తేలి ఒరిగాయి కూడా. కాబట్టి సమస్య నిజమే, ఏదో ఒకటి చెయ్యాల్సిందే. కాంట్రాక్టరు మనిషి టేపు పట్టుకుని వచ్చి, కొలతలు తీసుకుని, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. రాయి, సిమెంటు, వెనక మట్టి నింపడం, కూలీ, చివర్లో ఒక లైను: ‘ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ చార్జెస్, 85,000’.

అసలు మోసం ఆ చివరి లైన్లోనే ఉంది.

పర్యావరణ క్లియరెన్స్ అనేది 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ఇచ్చేది. గనులు, ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంట్లు, పెద్ద ప్రాజెక్టులు దాని పరిధిలోకి వస్తాయి. భవనాల విషయానికొస్తే 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం ఉంటేనే. మామిడి తోట చివర కట్టే రాతి గోడకు ఆ క్లియరెన్స్‌తో పనే లేదు. అంటే అవసరం లేని కాగితానికి 85 వేలు వసూలు చేసి, నిజంగా అవసరమైన కాగితం జోలికే పోలేదు. ఆ కాగితం చాలా మామూలుది: చెరువు ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్ల దగ్గర, అంటే సాగునీటి చెరువైతే జలవనరుల శాఖ దగ్గర, తీసుకోవాల్సిన ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. వినడానికి పెద్ద పేరుగా ఉండదు కాబట్టి దానికి అంత డబ్బు అడగలేరు మరి.

అందరూ తడబడేది ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) దగ్గర. చెరువు నిండి, అలుగు మీద నుంచి నీరు పొర్లబోయే మట్టం అది. ఆ మట్టానికి దిగువన ఉన్న నేల మీ పట్టాలో ఉన్నా సరే, అక్కడ మట్టి పోయడానికి, గోడ కట్టడానికి వీల్లేదు. ఎండాకాలంలో భూమి చూసి కొనేవాళ్లకు ఇది కనిపించదు, అప్పుడు నీళ్లు ఎక్కడో ఉంటాయి. 2017 భవన నిర్మాణ నిబంధనల్లో ఎఫ్‌టీఎల్ గీత నుంచి బయటికి కూడా ఖాళీ వదలమన్నారు: 10 హెక్టార్లు, అంటే ఇంచుమించు 25 ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువైతే 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. చెరువులోకి వచ్చే గెడ్డలకు, వాగులకు వేరే లెక్క ఉంది: 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లోపుంటే 2 మీటర్లు. లేఅవుట్ బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అని రాసిన మొదటి వరస ప్లాట్లలో ఎన్ని ఈ కొలతకు నిలుస్తాయో మీరే చూసుకోండి.

నోటీసు వచ్చాక ఇరిగేషన్ ఏఈ, మండల సర్వేయర్ కలిసి వచ్చారు. అలుగు దగ్గర లెవెల్ మిషన్ పెట్టి, అక్కడి నుంచి మట్టం పట్టుకుంటూ మా గోడ దాకా వచ్చారు. గోడ పాదం దగ్గర కుర్రాడు స్టాఫ్ కర్ర నిలబెట్టాడు. ఏఈ రీడింగ్ రాసుకుని, ‘మూడడుగులు కిందుంది బాబూ’ అన్నారు, అంతే. ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. మా ఒడ్డు వంపు తిరిగి ఉంటుంది. వంపు వెంబడి కడితే రాయి ఎక్కువ పడుతుందని, మేం ఊళ్లో లేనప్పుడు గోడను సూటిగా లాగేశారు. ఎఫ్ఎంబీలో, అంటే సర్వే కొలతల పటంలో చూస్తే ఒక మూల చెరువు పోరంబోకులోకి వెళ్లింది. వెనక నింపిన మట్టి ఎక్కడి నుంచి తెచ్చారయ్యా అంటే, రాత్రిపూట జేసీబీతో చెరువులోంచే తవ్వి పోశారు. బిల్లులో మాత్రం గ్రావెల్ లారీలని ఉంది. అందుకే నోటీసులో 1905 నాటి భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్‌తో పాటు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కూడా పెట్టారు. రెండూ మా పేరు మీదే, కాంట్రాక్టరు పేరు ఎక్కడా లేదు. భూమి ఎవరిదో నోటీసు వాళ్లకే వస్తుంది, ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అన్న మాట ఏ చట్టంలోనూ చెల్లదు.

ఫిర్యాదు చేసింది ఆయకట్టు రైతులు. వాళ్ల మీద నాకు కోపం లేదు. చెరువులో మట్టి నింపితే వాళ్ల మదుముకు వచ్చే నీరే తగ్గుతుంది. నీటి సంఘం పెద్దాయన ఒకరు నాతో, ‘మీరు ముందే మాతో ఓ మాటంటే ఏఈ గారి కాడికి మేమే తీసుకెళ్దుము కదా బాబూ’ అన్నారు. 1997 చట్టం కింద ఏర్పడిన ఈ సంఘాలకు చెరువు గట్టు, తూములు, అలుగు గురించి ఎంత తెలుసో ఏ కన్సల్టెంటుకూ తెలియదు.

పర్మిషన్ అని చూపించిన కాగితాల సంగతి వేరే చెప్పాలి. ఒకటి పంచాయతీ తీర్మానం నకలు. చెరువు నీటి మట్టం లోపల కట్టుకోమనే అధికారం పంచాయతీ తీర్మానానికి లేదు. ఇంకోటి స్టాంపు వేసిన డ్రాయింగు, అది ఇంజినీరు గీసిన బొమ్మ మాత్రమే. మూడోది కలర్ జిరాక్స్, పైన ప్రభుత్వ ముద్ర, కింద సంతకం, ఆర్‌సీ నంబరు (ఆఫీసు ఉత్తరానికి వేసే రిఫరెన్సు నంబరు). ఆ నంబరు పట్టుకుని ఆఫీసులో తపాలు సెక్షన్‌కు వెళ్తే, డిస్పాచ్ రిజిస్టర్‌లో అదే నంబరు మీద వేరే ఊరి పూడికతీత ఉత్తరం ఉంది. మీకు ఎవరైనా అనుమతి పత్రం చూపిస్తే చెయ్యాల్సింది ఈ ఒక్క పనే. ఉత్తరంలో మీ పేరు, మీ సర్వే నంబరు (రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం, అంటే భూమి పార్సిల్ మ్యాప్ నంబరు) ఉన్నాయా చూడండి, ఆర్‌సీ నంబరూ తేదీ ఆఫీసు రిజిస్టర్‌తో సరిపోయాయా అడగండి. ఎదురుగా చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయలకు మించని పని.

భోగాపురం, పూసపాటిరేగ, గార, సంతబొమ్మాళి వైపు సముద్రానికి దగ్గరగా కొనేవాళ్లకు లెక్క ఇంకా మారుతుంది. అక్కడి ఉప్పుటేర్లు, మొగలు, పోటు నీరు వచ్చే మడుగులు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) కిందకి వస్తాయి. పోటు గీత నుంచి 2011 నోటిఫికేషన్‌లో 100 మీటర్లు, 2019 దాంట్లో 50 మీటర్లు, లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. కోత నివారణ పనులు అక్కడ అసలు నిషేధమేమీ కాదు, కానీ అది రాష్ట్ర తీర ప్రాంత యాజమాన్య సంస్థ దాకా వెళ్లాల్సిన ఫైలు. సర్పంచి గారి ఉత్తరంతో అయ్యే పని కాదు. ఇక బీలలు, తంపర భూములు (నీరు నిలిచే చిత్తడి నేలలు) పక్కనున్నాయంటే మరీ జాగ్రత్త. కాగితాల్లో బంజరు అని రాసి ఉన్న సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010లో పోలీసు కాల్పుల దాకా వెళ్లిన సంగతి శ్రీకాకుళం వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంత ఖర్చు పెట్టిన గోడ పోనీ పనికొచ్చిందా అంటే, అదీ లేదు. నిట్టనిలువు గోడకు తగిలిన అల వెనక్కి మళ్లి పాదం కింద మట్టినే తోడేస్తుంది. రాళ్ల వెనక కంకర పొర లేదు, నీరు బయటికి రావడానికి కన్నాలు వదల్లేదు. మొదటి పెద్ద వానకే వెనక మట్టి ఉబ్బి గోడ బొజ్జ కట్టింది. పైగా గోడ ఆగిపోయిన చోట పక్క రైతు ఒడ్డు ముందుకంటే ఎక్కువ కోసుకుపోయింది. ఆయన మాతో మాట్లాడటం మానేశారు, న్యాయమే. ఏఈ గారు చెప్పిన దాన్నిబట్టి, మా లాంటి చోట ఎఫ్‌టీఎల్ పైన మన సొంత నేలలో వట్టివేరు వరసలు, కానుగ మొక్కలు వేసి, తోటలోంచి పారే వాననీటిని ఒక పక్కకు మళ్లిస్తే సగం కోత ఆగేది. ఒడ్డున తుంగను, జమ్మును పీకకుండా వదిలెయ్యడం కూడా అందులో భాగమే. వాటిని ‘క్లీనింగ్’ పేరుతో మొదటి రోజే పీకించింది మన కాంట్రాక్టరే, దానికీ బిల్లు వేశాడు.

ప్రస్తుతానికి నోటీసుకు జవాబిచ్చాం. వేసవిలో నీరు దిగాక మా ఖర్చుతో గోడ తీసేస్తామని రాసిచ్చాం. కాంట్రాక్టరు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. వాట్సాప్ కొటేషన్, ఫోన్‌పే రసీదులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు అన్నీ పనికొస్తున్నాయి, డిలీట్ చెయ్యకండి. మీ కొటేషన్‌లోనూ ‘ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ చార్జెస్’ అనే లైను ఉంటే, అడ్వాన్స్ ఇవ్వకముందే ఏ ఆఫీసు, ఏ చట్టం కింద, ఎవరి పేరు మీద ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే కింద కామెంట్‌లో మీ మండలం పేరు ఒక్కటి రాయండి. ఒకే సంస్థ బాధితులం నలుగురం తేలితే మా వకీలు గారు అందరి కేసులూ కలిపి వాదిస్తామంటున్నారు.