కేసీబీఎస్ బార్బెక్యూ పోటీలు: పోస్టర్ మీది ప్రైజ్ మనీలో జట్టు చేతికి వచ్చేదెంత?

అమెరికాలో ఏ బార్బెక్యూ పోటీ పోస్టర్ చూసినా ముందుగా కంటపడేది మొత్తం ప్రైజ్ మనీ. 10,000 డాలర్లు, 25,000 డాలర్లు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ సొమ్ము ఎన్ని ముక్కలవుతుందో చెప్పే పట్టికను మాత్రం చాలామంది ఎంట్రీ ఫీజు కట్టేశాకే చదువుతారు. కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ, అంటే కేసీబీఎస్, గుర్తింపుతో జరిగే పోటీలకు మొదటిసారి జట్టు కట్టాలనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. నిర్వహణ, జడ్జింగ్ విషయంలో ఈ సంస్థకు మంచి మార్కులే వేయాలి. డబ్బు విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని దిగాలి.

ఈ రంగంలో బహుమతులు చిన్నగానే మొదలయ్యాయి. 1978లో మెంఫిస్ నగరంలో జరిగే ‘మెంఫిస్ ఇన్ మే’ బార్బెక్యూ పోటీని తొలిసారి గెలిచిన బెస్సీ లూయీస్ కేథీకి దక్కింది 500 డాలర్లు. అదే మెంఫిస్‌లో 2024లో మొదలైన స్మోక్‌స్లామ్ 2,50,000 డాలర్ల ప్రైజ్ మనీ ప్రకటించింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మామూలు వారాంతపు పోటీలో లెక్క ఇంకోలా ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. 40 జట్లు, ఎంట్రీ ఫీజు 300, మొత్తం ప్రైజ్ మనీ 10,000. మొత్తం మార్కుల్లో మొదటి స్థానమైన గ్రాండ్ ఛాంపియన్‌కు 2,000, రెండో స్థానమైన రిజర్వ్ గ్రాండ్ ఛాంపియన్‌కు 1,000. మిగిలిన 7,000 పోటీలో వండే నాలుగు మాంసాలకు సమానంగా, ఒక్కోదానికి 1,750. అందులో మొదటి స్థానానికి 500, రెండుకు 350, మూడుకు 250, ఆ తర్వాత వరుసగా 175, 125, 100, 80, 70, చివరి రెండు స్థానాలకూ తలా 50. పోటీని బట్టి అంకెలు మారతాయి కానీ తీరు ఇదే. సగటున జట్టుకు వచ్చేది 250 డాలర్లు. కట్టిన ఫీజు 300. అంటే ఒక్క బొగ్గు ముక్క అంటించకముందే సగటు జట్టు 50 డాలర్లు వెనకబడి ఉంది.

ఇక ఖర్చు. చికెన్, పోర్క్ రిబ్స్ (పక్కటెముకలు), పోర్క్ షోల్డర్ (భుజం), బీఫ్ బ్రిస్కెట్ (రొమ్ము భాగం) నాలుగూ వండితేనే గ్రాండ్ ఛాంపియన్ లెక్కలోకి వస్తారు. సాధారణంగా జట్లు రెండు బ్రిస్కెట్లు, రెండు నుంచి నాలుగు పోర్క్ బట్‌లు (భుజం పైభాగం ముక్కలు), నాలుగైదు రాక్‌ల (వరుసల) రిబ్స్, పదహారుకు తగ్గకుండా చికెన్ థైస్ పెడతాయి. జడ్జీలకు వెళ్లేది ఒక్కో మాంసం నుంచి ఆరు ముక్కలే అయినా, ఒకే కొలతలో ఒకే రంగులో ఆరు దొరకాలంటే అంత వండక తప్పదు. పోటీ స్థాయి వాగ్యు (కొవ్వు చారలుండే ఖరీదైన జాతి బీఫ్) బ్రిస్కెట్ ఒక్కటే 150 డాలర్లు దాటుతుంది. అంత ఖరీదైనది కొనకపోయినా మాంసానికి 350, బొగ్గు, కట్టె, రబ్ (మాంసానికి పట్టించే మసాలా పొడి), సాస్, ఇంజెక్షన్ (సూదితో మాంసంలోకి ఎక్కించే ద్రవం), ఫాయిల్ కలిపి 120, పెట్రోలు, ఐసు, పై ఖర్చులకు 200 వేసుకోండి. ఎంట్రీతో కలిపి 970. స్మోకర్, ట్రైలర్, ప్రాక్టీస్ వంటల ఖర్చు ఇందులో లేదు.

పై పట్టిక ప్రకారం రిబ్స్‌లో ఐదో స్థానం, పోర్క్‌లో ఎనిమిదో స్థానం వచ్చిన జట్టు 195 డాలర్లు తీసుకుంటుంది. రెండుసార్లు స్టేజి ఎక్కి చప్పట్లు కొట్టించుకున్నా 775 చేతి చమురు. రిజర్వ్ గ్రాండ్ ఛాంపియనై, చికెన్‌లో మొదటి స్థానం, బ్రిస్కెట్‌లో నాలుగో స్థానం కూడా కొట్టిన జట్టుకు 1,675 వస్తుంది. ఖర్చు పోగా మిగిలేది 705. ముగ్గురు పంచుకుంటే తలకు 235, దానికోసం రాత్రంతా జాగారం. ఈ ఆటలో ప్రైజ్ మనీని రాబడి అనుకోవడం కంటే ఖర్చులో కొంత వెనక్కి రావడం అనుకుంటే లెక్క సరిగ్గా అర్థమవుతుంది.

మార్కుల పద్ధతి తెలిస్తే డబ్బు ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. జట్టు మాంసం పెట్టి అప్పగించే ఒక్కో పెట్టెను ఆరుగురు జడ్జీలు చూస్తారు. 9 నుంచి 2 దాకా మార్కులు, 1 వేస్తే డిస్‌క్వాలిఫికేషన్. అన్నిటికంటే తక్కువ వేసిన జడ్జి లెక్క తీసేస్తారు. కనబడే తీరుకు 0.5600, రుచికి 2.2972, మెత్తదనానికి 1.1428 చొప్పున హెచ్చిస్తారు. అన్నీ తొమ్మిదులైతే ఒక మాంసానికి 180, నాలుగింటికీ 720. రుచిలో ఒక్క మార్కు తగ్గితే పోయేది రూపంలో నాలుగు మార్కులు తగ్గినదానికి దాదాపు సమానం. అయినా కొత్త జట్లు పార్స్లీ ఆకులు పేర్చడం మీద గంటలు పెడతాయి. గార్నిష్, అంటే మాంసం కింద పేర్చే ఆకులు, పెట్టడం తప్పనిసరి కూడా కాదు. పెడితే పచ్చ లెట్యూస్, పార్స్లీ, కొత్తిమీర వంటివే పెట్టాలి. ఎర్ర అంచు లెట్యూస్ పడితే రూపానికి 1 వస్తుంది. ఆ సమయం బ్రిస్కెట్ కోత మీద పెట్టడం మేలు.

అసలు నష్టం చేసేవి చిన్న తప్పులు. చికెన్ మధ్యాహ్నం 12:00, రిబ్స్ 12:30, పోర్క్ 1:00, బ్రిస్కెట్ 1:30, ఇదీ సాధారణ వరుస. చెప్పిన సమయానికి ఐదు నిమిషాలు ముందు నుంచి ఐదు నిమిషాలు తర్వాత దాకానే పెట్టె తీసుకుంటారు. ఆలస్యమైతే ఆ మాంసంలో అన్నిటికీ 1. పెట్టెలో టూత్‌పిక్ ముక్కో ఫాయిల్ తునకో ఉండిపోయినా అంతే. బ్రిస్కెట్ ముక్కలు ఒకదానికొకటి అంటుకుని ఐదే విడివడితే, ముక్క అందని జడ్జి అన్నిటికీ 1 వేస్తాడు, మిగతా జడ్జీలు రూపానికి 1 వేస్తారు. ఒక మాంసం ఇలా పోతే గ్రాండ్ ఛాంపియన్ ఆశ అక్కడితో సరి. మిగతా మూడింటి బహుమతులు మాత్రం విడిగా గెలుచుకోవచ్చు. అందుకే కొత్త జట్టు మొదట్లో ఒకటి రెండు మాంసాలమీద గట్టిగా పట్టు సాధించడం ఆర్థికంగా తెలివైన దారి. చికెన్ దీనికి అనువు: ఖర్చు తక్కువ, ప్రాక్టీస్‌కు రెండు గంటలు చాలు, పై పట్టికలో దాని మొదటి బహుమతి బ్రిస్కెట్‌తో సమానం. చర్మం పంటికి తెగేలా రావడం ఒక్కటే దాని పరీక్ష. కొరికితే చర్మం మొత్తం ఊడొచ్చిందా, మెత్తదనం మార్కు పోయినట్టే.

పోటీ అయ్యాక జట్టుకు తన మార్కుల వివరాలు అందుతాయి. ఈ సంస్థ ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైనది అదేనని మా అభిప్రాయం. ఏ మాంసం ఏ టేబుల్‌కు వెళ్లింది, ఏ జడ్జి ఎంత వేశారు, అన్నీ కనిపిస్తాయి. నలుగురు రుచికి 8, ఇద్దరు 9 వేస్తే వంట మార్చాలి. ఐదుగురు 9 వేసి ఒకరు 6 వేస్తే ఏమీ మార్చనక్కర్లేదు, ఆ ఆరు ఎలాగూ లెక్కలోంచి పోతుంది.

సంస్థ పంపే ప్రతినిధుల పని నియమాలు, మార్కులు చూడడం. బహుమతి సొమ్ము సమకూర్చేది స్థానిక నిర్వాహకుడు. అది లయన్స్ క్లబ్ కావచ్చు, ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ కావచ్చు. అందుకే ఫీజు పంపేముందు నిర్వాహకుడికి ఈమెయిల్ రాసి అడగాల్సినవి ఉన్నాయి. ప్రైజ్ మనీ గ్యారంటీయా, లేక ‘40 జట్లు వస్తేనే’ అన్న షరతు ఉందా? జట్లు తగ్గితే ఏ నిష్పత్తిలో కోస్తారు? చెక్కు ఆ రోజే ఇస్తారా, పోస్టులో పంపుతారా? వాన వల్ల రద్దయితే ఫీజు మాటేమిటి? జవాబు లిఖితంగా రాకపోతే ఆ పోటీ వదిలేయండి. స్పాన్సర్ల సొమ్ము ముందే చేతిలో ఉన్న పోటీ, ఎంట్రీ ఫీజులతోనే బహుమతులు నింపాలనుకునే పోటీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా ఈ జవాబుల్లోనే బయటపడుతుంది.

జట్ల స్పాన్సర్‌షిప్ విషయానికొస్తే, ఇందులో ఎక్కువ భాగం సరుకే. రబ్ కంపెనీ డబ్బాలు ఇస్తుంది, బొగ్గు కంపెనీ సంచులు ఇస్తుంది, కొన్నిసార్లు తగ్గింపు కోడ్ మాత్రమే ఇస్తుంది. దాన్ని లెక్కేసే పద్ధతి ఒకటే: ఆ సరుకును మీ డబ్బుతో ఎలాగూ కొనేవాళ్లయితే పూర్తి ధర రాసుకోండి, కొనేవాళ్లు కాకపోతే సున్నా రాసుకోండి. వంట కోణంలో దీనికి ఇంకో ఖరీదుంది. బొగ్గు బ్రాండు మారితే మండే వేడి, బూడిద, సమయం మారతాయి, చికెన్ లెక్కంతా మళ్లీ కుదుర్చుకోవాలి. రబ్ మారితే ఉప్పు మోతాదు మారుతుంది, ఇంజెక్షన్‌లో ఉప్పు తగ్గించుకోవాలి. ఉచితంగా వచ్చిన 60 డాలర్ల రబ్ కోసం మూడు ప్రాక్టీస్ వంటల మాంసం ఖర్చు పెట్టడం నష్టపు బేరం. జడ్జింగ్ బ్లైండ్ (ఏ పెట్టె ఎవరిదో జడ్జీలకు తెలియదు) కాబట్టి స్పాన్సర్ పేరుకు ఒక్క మార్కూ రాలదు. పెట్టె మీద ఏ గుర్తూ ఉండకూడదు.

కొన్ని మాంసం కంపెనీలు బోనస్ పథకాలు నడుపుతాయి: వాళ్ల మాంసంతో వండి గెలిస్తే అదనపు నగదు. మంచి అవకాశమే, కానీ బిల్లు, ప్యాకెట్ లేబుల్, ముందస్తు రిజిస్ట్రేషన్ అడుగుతారు. శుక్రవారం రాత్రి ప్యాకెట్ చెత్తబుట్టలో వేసేస్తే ఆదివారం బోనస్ అడగడానికి ఆధారం ఉండదు. ప్యాకెట్ విప్పగానే లేబుల్ ఫొటో తీసి పెట్టుకోవాలి.

నగదు కావాలంటే పెద్ద బ్రాండ్ల వెంట పడేకంటే ఊళ్లో వ్యాపారులను కలవడం మేలు. టైర్ల షాపు, రియల్టర్, ఇండియన్ గ్రాసరీ ఎవరైనా సరే. ఒక్క పేజీ చాలు: ఈ సీజన్‌లో ఏ ఊళ్లలో ఎన్ని పోటీలు, పాత స్థానాలు, టెంటు మీద బ్యానర్ కొలత, ఎన్ని ఫొటోలు ఇస్తారు, ఎంత అడుగుతున్నారు. ఒప్పందంలో గట్టిగా చదవాల్సింది ప్రత్యేక హక్కు షరతు. ‘సాస్ విభాగంలో మా ఉత్పత్తి మాత్రమే’ అని సంతకం పెడితే రిబ్స్‌కు ఇంకో సాస్ కలిపినా ఉల్లంఘనే. పోటీ టైటిల్ స్పాన్సర్‌కు పోటీదారైన బ్రాండు బ్యానర్ కట్టనివ్వని మైదానాలూ ఉన్నాయి. నిర్వాహకుడిని అడగకుండా స్పాన్సర్‌కు బ్యానర్ మాట ఇవ్వొద్దు.

అసలు పెద్ద డబ్బు పోటీ మైదానం బయటే ఉంది. మెలిసా కుక్‌స్టన్ 2010లోనూ 2012లోనూ మెంఫిస్ ఇన్ మే గ్రాండ్ ఛాంపియన్. ఆ పేరు ఆమె రెస్టారెంట్లకు ఊతమిచ్చింది. సొంత రబ్‌లు, వంట క్లాసులు, క్యాటరింగ్ పెట్టినవాళ్లకు ట్రోఫీ ప్రకటన ఖర్చును తగ్గిస్తుంది. అమ్మడానికి ఏమీ లేనివాళ్లకు ట్రోఫీ ట్రోఫీయే.

బీఫ్, పోర్క్ ముట్టని తెలుగువాళ్లకు కేసీబీఎస్ ప్రధాన పోటీ సరిపడదు. ఇంటి పెరట్లో వండే ఔత్సాహికుల కోసం చిన్న ఫీజుతో జరిగే బ్యాక్‌యార్డ్ విభాగాల్లో సాధారణంగా చికెన్, రిబ్స్ ఉంటాయి. చికెన్‌కు విడి ఫీజు, విడి బహుమతి పెట్టే పోటీలూ దొరుకుతాయి. బీఫ్ ఫర్వాలేదనుకుంటే స్టేక్ కుక్ఆఫ్ అసోసియేషన్ పోటీలు ఖర్చు పరంగా చాలా నయం. స్టేకులు (మందపాటి బీఫ్ ముక్కలు) వాళ్లే ఇస్తారు, మీడియంగా, అంటే మధ్యలో గులాబీ రంగు ఉండేలా, కాల్చి ఒకటి అప్పగించాలి, గార్నిష్ ఉండదు, ఒక పగటితో పని అయిపోతుంది. పెట్టుబడితో పోల్చి చూస్తే కొత్తవాళ్లకు మేం ముందుగా చెప్పేది ఇదే.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్‌షిప్‌తో జాగ్రత్త. పోటీలో గెలిచిన బహుమతి ఒకటి, డబ్బో సరుకో తీసుకుని బ్రాండు కోసం పోస్టులు పెట్టడం ఇంకొకటి. రెండోది అనుమతి లేని ఉద్యోగం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా సంతకం పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఎఫ్1 విద్యార్థులకూ, వర్క్ పర్మిట్ లేని హెచ్4 వాళ్లకూ ఇదే మాట. పన్ను సంగతి కూడా ముందే చూసుకోవాలి: ప్రైజ్ మనీ ఆదాయమే, ప్రచారానికి బదులుగా వచ్చిన సరుకు విలువా ఆదాయమే. హాబీ కింద చూపిస్తే ఫెడరల్ పన్నులో ఖర్చులు తీసేసుకునే వీలుండదు, కాబట్టి 970 ఖర్చు పెట్టి 195 గెలిచినా ఆ 195 మీద పన్ను కట్టాలి. వ్యాపారంగా చూపించాలనుకుంటే విడి బ్యాంకు ఖాతా, ప్రతి బిల్లు, లాభం కోసమే చేస్తున్నారనడానికి ఆధారాలు మొదటి పోటీ నుంచే ఉండాలి.