ఏడేళ్లుగా నా ఈత సంచిలో ఉన్నవి: ఫిన్స్, పాడిల్స్, గ్లవ్స్

పెద్దయ్యాక ఈత నేర్చుకున్నదాన్ని. చేతులు త్వరగానే దారికొచ్చాయి కానీ కాళ్లు మాత్రం ఎంత ఆడించినా ఫలితం ఉండేది కాదు. 25 మీటర్ల పూల్‌లో కిక్‌బోర్డు (చేతులతో పట్టుకునే తేలే పలక) పట్టుకుని బయల్దేరితే సగం దాటేసరికి తొడలు మండిపోయేవి. పక్క లేన్‌లో పిల్లలు ఆ చివరికి వెళ్లి తిరిగొచ్చేసేవాళ్లు. మా కోచ్ రెండు వారాలు గమనించి, "మీకు బలం లేక కాదండీ, చీలమండలు బిగుసుకుపోయి ఉన్నాయి. పాదం వెనక్కి వాలడం లేదు. ఇవి తొడుక్కుని చూడండి," అని ఒక జత ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే బాతు పాదాల్లాంటివి, ఇచ్చారు.

గోడను తన్ని వదిలాను. నాలుగు కిక్‌లు వేశానో లేదో సగం పూల్ దాటేశాను. నీళ్లు చెవుల పక్క నుంచి జరజరా పోతున్న చప్పుడు మొదటిసారి విన్నది ఆ రోజే. ఆ సంతోషంలో ఇంటికెళ్లగానే ఒక పొడవాటి రబ్బరు జత ఆర్డర్ పెట్టాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు. అప్పటినుంచి మూడు జతల ఫిన్స్, రెండు జతల పాడిల్స్ (అరచేతులకు కట్టుకునే పలకలు), ఒక జత వేళ్ల మధ్య పొర ఉండే గ్లవ్స్ వాడాను. ఏది పనికొచ్చిందో, ఏది దెబ్బతీసిందో వివరంగా చెప్తాను.

ముందు పొడవాటి ఫిన్స్ సంగతి. స్నార్కెలింగ్‌కి, డైవింగ్‌కి వాడే రకం ఇవి. పాదం చివర ఇంకో పాదమంత బ్లేడ్, అంటే వెడల్పాటి రెక్క, ఉంటుంది. నీళ్ల అడుగున నెమ్మదిగా, హాయిగా తిరగడానికి ఇంతకు మించినవి లేవు. పూల్‌లో ఈత నేర్చుకునేవాళ్ల సంగతి వేరు. బ్లేడ్ అంత పొడవుంటే కిక్ దానంతటదే నెమ్మదిస్తుంది. ఫ్రీస్టైల్‌లో (బోర్లా ఉండి చేతులు మార్చి మార్చి వేసే ఈత) చిన్నగా, చకచకా పడాల్సిన కిక్ పెద్దదై, సైకిల్ తొక్కినట్టు మోకాలి దగ్గర వంగుతుంది. ఆ అలవాటు ఏడాదిలో నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఫిన్స్ తీసేశాక కూడా మోకాళ్లు మడిచే కిక్ వేసేదాన్ని. దాన్ని మాన్పించుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

రెండో జత పొట్టి బ్లేడ్‌ది, సిలికాన్‌తో చేసింది. వేళ్లు దాటి ఒక జానెడు కూడా ఉండదు. మొదటిరోజు నిరాశపడ్డాను, ఎందుకంటే పొడవాటి వాటితో వచ్చిన వేగం వీటితో రాలేదు. వారం తిరిగేసరికి తేడా తెలిసింది. కిక్ వేగం నాదే, లయ నాదే, కాకపోతే ప్రతి కిక్‌కీ పాదం మీద నీటి బరువు స్పష్టంగా తెలుస్తోంది. పైకి వచ్చే కిక్‌లో కూడా. అంతకుముందు కిందికి కొట్టడం తప్ప పైకి లాగడం అనేది ఒకటుందని నాకు తెలియనే తెలియదు. తొడ వెనక కండరాలు మర్నాడు నొప్పిపెడితే గానీ నమ్మలేదు.

ఫిన్ చేసే పని చాలా సరళం. కొద్దిపాటి నీటిని గట్టిగా విసిరే బదులు, ఎక్కువ నీటిని నెమ్మదిగా వెనక్కి నెట్టగలిగితే శక్తి తక్కువ వృథా అవుతుంది. వెడల్పాటి బ్లేడ్ చేసేది అదే. బాతు కాలు, కప్ప కాలు పనిచేసే పద్ధతీ అదే. దీనికి తోడు మెత్తని బ్లేడ్ పాదాన్ని మెల్లగా సాగదీస్తుంది. బిగుసుకున్న చీలమండ ఉన్నవాళ్ల పాదం నీళ్లలో కొక్కెంలా నిలబడిపోయి, వెనక్కి నెట్టాల్సిన నీటిని ముందుకు లాగుతుంది. నేను ఒక్కోసారి ఉన్నచోటే ఉండిపోవడానికి కారణం ఇదే. పొట్టి ఫిన్స్‌తో మూడు నెలలు వారానికి మూడు రోజులు చేశాక, నేల మీద కాళ్లు చాపి కూర్చుంటే బొటనవేళ్లు అంతకుముందు కంటే బాగా కిందికి వాలడం కళ్లారా చూశాను.

ఇంకో లాభం ఎవరూ ముందుగా చెప్పలేదు. అంతే పరిమాణం తీసుకుంటే నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు బరువు. వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. అంటే నెమ్మదిగా ఈదేటప్పుడు తెలియని తప్పులన్నీ ఫిన్స్ వేసుకుంటే బయటపడతాయి. తల కొంచెం ఎత్తితే చాలు, నీళ్లు ఛాతీకి చరిచినట్టు తగులుతాయి. తల దించితే ఆ తాకిడి ఒక్కసారిగా ఆగిపోతుంది. కోచ్ ఎన్నిసార్లు "కిందికి చూడండి, కిందికి చూడండి" అన్నా ఎక్కని విషయం ఒక్క పూటలో నా మెడకు అర్థమైంది.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. పొడి కాలుకి సరిగ్గా సరిపోయిన ఫిన్ నీళ్లలో వదులవుతుంది. వదులైతే ప్రతి కిక్‌కీ మడమ లోపల రాసుకుంటుంది. నా మొదటి జతతో రెండు మడమలకీ బొబ్బలెక్కి, చెప్పులు కూడా వేసుకోలేకపోయాను. అలాగని వేళ్లు ముడుచుకునేంత బిగుతుగా ఉంటే పది నిమిషాల్లో అరికాలు పట్టేస్తుంది. పాదం కొంచెం నొక్కినట్టుండాలి, వేళ్లు మాత్రం చాపి ఉండాలి. నాది వెడల్పాటి పాదం కాబట్టి మూసిన మడమ ఉన్న రకంలో మడమ వదులవకుండా పల్చటి నియోప్రీన్ (మెత్తటి నురగ రబ్బరు) సాక్స్ వేసుకుంటాను. వెనక పట్టీ ఉండే రకం సర్దుకోవడానికి సులువే కానీ, గోడ దగ్గర తిరిగేటప్పుడు ఆ బకిల్ రెండో చీలమండకు తగిలి గీరుకుపోయేది.

పిక్క పట్టేయడం గురించి కూడా ముందే తెలుసుకోండి. మొదటి నెలలో వారానికొకసారైనా లేన్ మధ్యలో ఆగిపోయేదాన్ని. నీళ్లలోకి దిగీ దిగగానే ఫిన్స్ తొడగడమే కారణం. ఇప్పుడు కనీసం 300 మీటర్లు ఉత్త కాళ్లతో ఈదాకే తొడుక్కుంటాను. అయినా పట్టేస్తే గోడ పట్టుకుని, ఫిన్ కొసను చేత్తో నా వైపు లాక్కుని, పిక్క వదిలేదాకా అలాగే ఉంటాను.

ఇక చేతులకు వేసుకునే పాడిల్స్. ఇక్కడ ఫ్రాంక్లిన్ గురించి చెప్పాలి. అమెరికా స్వాతంత్ర్య నాయకుడిగా పేరున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దం తొలినాళ్లలో, కుర్రవాడిగా ఉన్నప్పుడు రెండు కోడిగుడ్డు ఆకారం పలకలు తయారుచేసుకున్నాడు. దాదాపు 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, బొటనవేలికి ఒక రంధ్రం. వాటితో వేగం పెరిగింది కానీ మణికట్లు అలిసిపోయాయని తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. అరికాళ్లకూ చెప్పుల్లాంటివి కట్టుకుని చూసి తృప్తిపడలేదట. ఎందుకంటే నీటిని నెట్టేది అరికాలు ఒక్కటే కాదు, పాదం లోపలి వైపు, చీలమండ కూడా అని గమనించాడు. మూడు వందల ఏళ్ల కిందటి పిల్లవాడు రెండు విషయాల్లోనూ నాకు ఎదురైన దాన్నే చెప్పాడు. ఈ ఉత్తరం సంగతి ముందే తెలిసుంటే నా భుజం బాగుండేది.

నేను మొదట కొన్నవి అరచేతికి రెండింతలుండే పాడిల్స్. మణికట్టుకీ వేళ్లకీ రబ్బరు పట్టీలు. నీటిని పట్టుకుని లాగుతుంటే తెడ్డు వేసినట్టుండేది, ఆ బలం నాదే అనిపించేది. రోజూ వేసుకున్నాను. ఆరో వారంలో కుడి భుజం ముందు భాగంలో సన్నగా నొప్పి మొదలైంది. పట్టించుకోలేదు. తొమ్మిదో వారానికి చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయాను. ఫిజియోథెరపీ, రెండు నెలలు నీళ్లకు దూరం. పలక ఎంత పెద్దదైతే ప్రతి లాగుకీ భుజం మీద అంత బరువు పడుతుంది. లాగే పద్ధతిలో చిన్న తప్పుంటే ఆ తప్పునే వెయ్యిసార్లు, ఎక్కువ బరువుతో చేస్తున్నట్టు లెక్క.

తిరిగొచ్చాక కోచ్ చిన్న పాడిల్స్ ఇచ్చారు, అరచేయి కంటే వేలెడు మాత్రమే పెద్దవి. తొడుక్కోబోతుంటే, "ఆగండి," అని మణికట్టు పట్టీలు రెండూ లాగి తీసేశారు. మధ్యవేలి పట్టీ ఒక్కటే మిగిలింది. "ఊడిపోతాయి కదండీ?" అన్నాను. "ఊడాలనే తీశాను," అన్నారు.

మూడో స్ట్రోక్‌కే ఎడమ పాడిల్ ఊడి వెనక తేలింది. వేసుకుని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఊడింది. కుడిచేతిది మాత్రం కదల్లేదు. అప్పుడు తెలిసింది, నా ఎడమ చెయ్యి బొటనవేలు ముందుగా పక్కకు తిరిగి నీళ్లలోకి దిగుతోంది. అరచేతికీ పలకకీ మధ్య నీళ్లు దూరి పలకను ఊడదీస్తున్నాయి. వేలికొసలు ముందు దిగి, అరచేయి కిందికి చూస్తుంటే నీళ్లే పలకను చేతికి అదిమిపెడతాయి. ఏ పట్టీ అక్కర్లేదు. మూడు వారాలు పట్టింది, ఆ తర్వాత ఊడలేదు. 25 మీటర్లకు 27 స్ట్రోక్‌లు పట్టేది 21కి దిగింది. నా సంచిలో అన్నిటికన్నా విలువైనది ఏదంటే ఆ పట్టీ తీసేసిన చిన్న పాడిల్సే.

భుజం దెబ్బతిన్నవాళ్లకు ఒక మాట. పాడిల్స్ వేసుకున్నప్పుడు కాళ్లకు పొట్టి ఫిన్స్ కూడా వేసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. శరీరం ముందే కదులుతూ ఉంటుంది కాబట్టి చేతులు మొత్తం బరువు మొయ్యక్కర్లేదు.

వేళ్ల మధ్య పొర ఉండే గ్లవ్స్ ఫ్రీస్టైల్‌కి నాకు నచ్చలేదు. లోపలికి నీళ్లు చేరి బరువెక్కుతాయి, వేళ్లు చాపి పట్టుకోవడంతో ముంజేయి అలిసిపోతుంది. అసలు వేళ్లు కొద్దిగా విడిగా ఉన్నా నీళ్లు ఆ సందుల్లోంచి అంత సులువుగా జారిపోవు. అందుకే పొర ఉన్నా లేకపోయినా ఈతలో నాకు పెద్ద తేడా కనబడలేదు. అటక మీద పడెయ్యబోతే అమ్మ అడిగి తీసుకుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఛాతీలోతు నీళ్లలో నడుస్తూ చేతులాడించే వ్యాయామం చేస్తుంది. వేసుకున్న మొదటిరోజు, "నీళ్లు బరువుగా ఉన్నాయే!" అంది. ఆమెకు కావాల్సింది ఆ బరువే. మూడేళ్లుగా ఆ జత అమ్మదే.

మోనోఫిన్ రెండుసార్లే వేసుకున్నాను. రెండు కాళ్లూ ఒకే బ్లేడ్‌లో ఉంచి డాల్ఫిన్‌లా కదలాలి. నడుము గట్టిగా లేనివాళ్లు వాటి జోలికి వెళ్లకండి. కప్పలా కాళ్లు ఆడించే బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మామూలు ఫిన్స్ పనికిరావు, ఆ కాలి తీరే వేరు.

పోటీల్లో ఇవేవీ ఒప్పుకోరు. వేగాన్ని, తేలే గుణాన్ని, దమ్మును పెంచే ఏ సాధనమూ పనికిరాదని అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ నియమం, ఫిన్స్, పొర గ్లవ్స్ అందులోకే వస్తాయి. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) ఈత సూట్లతో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాక, 2010 నుంచి ఆ సూట్లనూ నిషేధించారు. ఫిన్స్‌తోనే పోటీపడాలనుకునేవాళ్లకు ఫిన్‌స్విమ్మింగ్ అనే క్రీడ విడిగా ఉంది. రద్దీగా ఉన్న లేన్‌లో ఫిన్స్ వాడే ముందు లైఫ్‌గార్డ్‌ని అడగడం మర్యాద. పాడిల్ అంచు ఎదుటివాళ్ల ముక్కుకి తగిలితే ఎలా ఉంటుందో నేను చూశాను.

మన్నిక సంగతి. రబ్బరు జతను ఎండలో కారులో వదిలేసేదాన్ని, ఇంట్లో బ్లేడ్ మీద నిలబెట్టి గోడకు ఆనించేదాన్ని. మూడో ఏటికి బ్లేడ్ వంగిపోయి, పాదం దూర్చే చోట పగుళ్లు వచ్చాయి. సిలికాన్ జతను ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నీడలో పడుకోబెట్టి ఆరబెట్టాను. ఐదేళ్లలో రంగు పాలిపోయిందే తప్ప మెత్తదనం పోలేదు.

ఎంతసేపు వేసుకోవాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒక దశలో నేను మొత్తం ప్రాక్టీస్ ఫిన్స్‌తోనే చేసేదాన్ని. ఒకరోజు తీసేసి దిగితే నీళ్లు పల్చబడిపోయినట్టు, కాళ్లకు ఏమీ అందనట్టు అనిపించింది. టెన్షన్ వచ్చింది, ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నానా అని. ఆ రోజు నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. ఫిన్స్‌తో నాలుగు లెంగ్తులు (పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటి) చేస్తే, వెంటనే తీసేసి రెండు లెంగ్తులు ఉత్త కాళ్లతో. ఫిన్ నేర్పింది పాదానికి ఇంకా గుర్తున్నప్పుడే ఆ రెండూ చెయ్యాలి. మొదటి కొన్ని మీటర్లు చప్పగా ఉంటాయి, ఆ తర్వాత పాదం పైభాగానికి నీళ్లు తగలడం మొదలవుతుంది. నేను ఫిన్స్ కొన్నది ఆ తాకిడి కోసమే. కిక్‌బోర్డుతో సగం పూల్ దాటలేని నేను ఇప్పుడు కాళ్లకు ఏమీ తొడుక్కోకుండా 25 మీటర్లు 34 సెకన్లలో వెళ్తున్నాను. ప్రతి నెలా మొదటి వారం సంచి పూల్‌కి తీసుకెళ్లను.

పోయిన నెల ఎడమ ఫిన్ మడమ దగ్గర వేలిగోరంత చీలిక కనిపించింది. కిక్ వేసినప్పుడల్లా కొంచెం తెరుచుకుంటోంది, ఎక్కువ రోజులు ఆగదు. మూడో జత ఇప్పటికే తెప్పించి నాలుగుసార్లు వాడాను. అదే పొట్టి బ్లేడ్, అదే సిలికాన్, ఒక సైజు చిన్నది. ఈసారి సాక్స్ అక్కర్లేకుండానే మడమ కదలకుండా ఉంది.